జవాబు ముందే తెలియని ప్రాక్టికల్: డిగ్రీ బయాలజీ ల్యాబులో మట్టితో పరిశోధన

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే తోటి లెక్చరర్ల కోసం ఇది రాస్తున్నాను. మన ప్రాక్టికల్స్‌లో ఏం రావాలో పిల్లలకు సీనియర్ల రికార్డులోనే దొరుకుతుంది. రాకపోయినా వచ్చినట్టు రాసేస్తారు. అందుకే సెమిస్టర్‌కి ఒక్కటైనా, జవాబు మనకు కూడా తెలియని ప్రయోగం పెట్టండి. నేనైతే మట్టి నుంచి యాంటీబయాటిక్ తయారుచేసే బ్యాక్టీరియాను వెతికిస్తాను.

మట్టి ఎక్కడిదో పిల్లల్నే ఎంచుకోనివ్వండి. పసుపు చేను, గేదెల పాక పక్క, కొబ్బరి తోట, ఏదైనా సరే. పైన ఉన్న ఆకులు, చెత్త తీసేసి, నాలుగైదు సెంటీమీటర్ల లోతు నుంచి శుభ్రమైన స్పూన్‌తో తీసి కొత్త కవర్లో వేయాలి. చోటు, తేదీ, ఆ చేలో ఈ మధ్య ఏ మందు కొట్టారో కవరు మీదే రాయాలి. మందు సంగతి రైతును అడిగి తెలుసుకు రమ్మనండి.

మట్టిని కాగితం మీద రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. మిగతా బ్యాక్టీరియా కొంత తగ్గి, మనకు కావలసిన యాక్టినోమైసిటీస్ (యాంటీబయాటిక్‌లు ఎక్కువగా తయారుచేసే మట్టి బ్యాక్టీరియా) మిగులుతాయి. ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్‌లో (క్రిములు లేని ఉప్పు నీళ్ళలో) కలిపి, అక్కడి నుంచి పదేసి వంతులు పలుచన చేస్తూ పోవాలి. వెయ్యో వంతు, పదివేలో వంతు, లక్షో వంతు పలుచనల నుంచి 0.1 మిల్లీలీటర్ చొప్పున స్టార్చ్ కేసిన్ అగార్ (ఈ బ్యాక్టీరియా పెరిగే పోషక జెల్లీ) ప్లేట్ల మీద పరచాలి. ప్లేట్లను గది వేడిలోనే, 28–30 డిగ్రీల దగ్గర ఉంచండి. 37 డిగ్రీల్లో మనిషికి జబ్బు చేసేవి బాగా పెరుగుతాయి కాబట్టి ఆ జోలికి వద్దు.

వారం ఓపిక పట్టాలి. సుద్దపొడి చల్లినట్టు కనిపించే కాలనీలు, లూప్‌తో (కొసన చుట్ట ఉన్న సన్న తీగతో) గీకినా అగార్‌ని పట్టుకుని ఓ పట్టాన రానివి, అవే మనకు కావాలి. తొలకరి మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్‌ని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ వీటిలోదే. (మూత తీసి వాసన మాత్రం చూడనివ్వకండి.) మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న అమెరికా మందుల సంస్థ లెడర్లే నుంచి 1948లో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇలాంటి మట్టి స్ట్రెప్టోమైసిస్ ఇచ్చిందే.

తర్వాత బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను ప్లేటంతా పరిచి, దాని మీద మన కాలనీని చిన్న మచ్చలా పెట్టాలి. మర్నాటికి మచ్చ చుట్టూ ఖాళీ వలయం (జోన్, అంటే సబ్టిలిస్ పెరగని చోటు) కనిపిస్తే స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. పక్కన మచ్చ పెట్టని కంట్రోల్ ప్లేటు తప్పనిసరి.

ఈ దశలోనే పిల్లల్లో మార్పు కనిపిస్తుంది. "ఇది ఎన్ని మార్కులకండీ?" అని తప్ప ఏమీ అడగని ఒక అమ్మాయి ప్లేటు వెలుగుకి పట్టుకుని, "మేడమ్, ఇది నిజంగా జోనేనా, లేక అక్కడ నేను సరిగా పరచలేదా?" అంది. మళ్ళీ మూడు ప్లేట్లు పెట్టించాను. రెండింటిలో జోన్ వచ్చింది, మూడోదానిలో రాలేదు. రాలేదనే రాసింది. సీనియర్ రికార్డు చూసి రాసే అలవాటున్న పిల్ల అలా రాయడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

కాబట్టి ఫెయిర్ రికార్డు వద్దు. కుట్టిన నోట్‌బుక్‌లో పెన్నుతో, ఏ రోజుది ఆ రోజే రాయించండి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, చింపకూడదు. మార్కులు నోట్‌బుక్‌కి వేయండి, జోన్‌కి వద్దు.

డిగ్రీ పిల్లల పని ఎవరికి పనికొస్తుందని సహోద్యోగులు అడిగితే దక్షిణాఫ్రికాలోని డర్బన్ సంగతి చెప్పండి. 2010లో అక్కడ ఒక విద్యార్థిని క్లాసు పనిలో భాగంగా కుళ్ళిన వంకాయ నుంచి మడ్డీ అనే ఫేజ్‌ని (బ్యాక్టీరియాను చంపే వైరస్‌ని) వేరుచేసింది. ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత మందులకు లొంగని ఇన్ఫెక్షన్‌తో లండన్ ఆసుపత్రిలో చికిత్స పొందిన అమ్మాయికి ఇచ్చిన మూడు ఫేజ్‌ల మిశ్రమంలో అదొకటి. ఆమె పరిస్థితి మెరుగుపడిన వివరం 2019లో ప్రచురించారు.

గొంతు, ముక్కు, ఫోన్ నుంచి శాంపిల్స్ అస్సలు తీయనివ్వకండి. ప్లేట్లు టేపుతో మూసి ఉంచి, పని అయ్యాక 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపాకే) పారేయాలి. ఎండిన మట్టి కవర్లు, నోట్‌బుక్‌లు మాత్రం బీరువాలో దాచండి. ఏ మట్టిలో జోన్ వచ్చిందో, దేనిలో రాలేదో చూసుకుని తర్వాతి బ్యాచ్ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.