టోక్యోలో సకురా: ఎప్పుడు, ఎక్కడ, ఏ పూట

టోక్యోలో సకురా, అంటే చెర్రీ పూలు, చూడ్డానికి చోట్లకి కరువేమీ లేదు, చిక్కంతా రోజు కుదరడంలోనే ఉంది. ఊరంతా ఎక్కువగా కనపడేది సొమెయ్ యోషినో అనే రకం. ఇవన్నీ అంటుకట్టి పెంచినవే, అంటే జన్యుపరంగా అన్నీ ఒకటే చెట్టు కింద లెక్క. అందుకే ఒక చోట చెట్లన్నీ కలిసి ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలిపోతాయి. మధ్యలో మీ చేతిలో ఉండేది వారం, గాలీ వానా వస్తే అంత కూడా ఉండదు.

సగటు చూస్తే మార్చి 24 ప్రాంతంలో పూత మొదలై నెలాఖరుకి విరగబూస్తుంది. సగటుని నమ్ముకుని టికెట్లు కొనేసే ముందు ఇది చూడండి: 2023లో మార్చి 14నే మొదలైంది, 2024లో మార్చి 29 దాకా మొదలవ్వలేదు. ఈ తేదీ తేల్చేది యసుకుని గుడి ఆవరణలో ఉన్న ఒక చెట్టు. వాతావరణ సంస్థ వాళ్ళొచ్చి తలెత్తి కొమ్మల మీద పూలు లెక్కపెడతారు, టీవీ కెమెరాలన్నీ వాళ్ళ చుట్టూ ఉంటాయి, ఐదారు పూలు విచ్చుకున్నాయంటే టోక్యోలో సకురా పూసినట్టే. ఐదారు పూలంటే మీకు కనపడేది ఏమీ ఉండదు, ప్రకటన విని ఆ రోజే పరిగెత్తకండి, వారం ఆగి వెళ్ళండి. తేదీలు మార్చుకునే వీలు లేనివాళ్ళు మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం కలిసొచ్చేలా పెట్టుకుంటే కొంత నయం.

ఒక్క చోటికే టైముంటే నేను చెప్పేది చిదోరిగాఫుచి. రాజప్రాసాదం చుట్టూ ఉన్న పాత కోట కందకంలో ఒక భాగం ఇది, గట్టు మీద 700 మీటర్ల నడకదారి. కుదన్‌షిత స్టేషన్‌లో రెండో నంబరు దారిలోంచి బయటికొస్తే దగ్గరే. ఇక్కడ కొమ్మలు పైకి కాకుండా కిందికి, నీళ్ళ మీదికి వంగి ఉంటాయి, అవతలి గట్టు కూడా పూలే, మధ్యలో పడవలు. పడవ ఎక్కాలంటే మాత్రం సీజన్లో గంటల తరబడి లైన్లో నిలబడాలి, నన్నడిగితే అంత అవసరం లేదు, గట్టు మీంచే బాగుంటుంది. పొద్దున ఏడింటికల్లా అక్కడుంటే ప్రశాంతంగా చూడొచ్చు, పదకొండు దాటాక ఇసకేస్తే రాలనంత జనం, ముందువాళ్ళు కదిలితేనే మీరు కదలడం. యసుకుని చెట్టు కూడా పక్కనే కాబట్టి అదీ చూసేయొచ్చు.

గడ్డి మీద దుప్పటి పరుచుకుని తీరిగ్గా కూర్చోవాలంటే, ముఖ్యంగా పిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే, షింజుకు గ్యోఎన్. వయోజనులకి టికెట్ 500 యెన్‌లు. లోపల మందు నిషేధం, గేటు దగ్గర బ్యాగులు కూడా చూస్తారు, ఆ పుణ్యాన గోల ఉండదు. ఈ తోటలో అసలు సుఖం ఏంటంటే రకరకాల చెర్రీ చెట్లున్నాయి, అన్నీ ఒకేసారి పూయవు. సొమెయ్ యోషినో అయిపోయాక మీరు దిగినా దిగులు పడక్కర్లేదు, ఏప్రిల్ మధ్యలో ముద్దపూల రకాలు వస్తాయి, ముదురు గులాబీ రంగులో గుత్తులు గుత్తులుగా. ఒకటే జాగ్రత్త, రద్దీ రోజుల్లో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోమనొచ్చు, బయల్దేరే ముందు తోట వెబ్‌సైట్ చూసుకోండి. సాయంత్రం ఆరింటికి మూసేస్తారు, రాత్రి పూట చూడటం ఇక్కడ కుదరదు.

రాత్రి అంటే అందరూ మెగురో నది అంటారు. రెండు గట్లమీదా దాదాపు 800 చెట్లు, లాంతర్లు, నీళ్ళలో వాటి వెలుగు, బాగుంటుంది, కాదనను. కానీ శని, ఆదివారాల్లో సాయంత్రం నాకా మెగురో స్టేషన్ బయటపడటానికే ఓపిక అయిపోతుంది. ఇకెజిరి ఓహషి స్టేషన్లో దిగి నది వెంట కిందికి నడుచుకుంటూ రండి, మొదటి సగం దూరం ఊపిరాడుతుంది. కూర్చునే చోటు కాదిది, నడుస్తూ చూసే చోటు.

ఉఎనో పార్కు సంగతి వేరు. అక్కడ పూల కంటే జనాన్ని చూడ్డానికి వెళ్ళాలి, నీలం టార్పాలిన్లు, ఆఫీసు బృందాలు, బీర్లు, నవ్వులు. హనామి, అంటే పూల చెట్ల కింద చేరి చేసుకునే విందు, ఎలా ఉంటుందో తెలియాలంటే ఓ గంట చాలు. కిచిజోజి దగ్గర ఇనోకాషిరా పార్కులో చెరువు మీదికి వంగిన చెట్లని వంతెన మీంచి చూడండి, రాలిన రేకులు నీటి మీద పరుచుకునే రోజుల్లో ఇంకా బాగుంటుంది. అక్కడ జంటగా పడవెక్కితే విడిపోతారని ఒక నమ్మకం ఉంది, మీ ఇష్టం. రైళ్ళ పిచ్చి ఉన్న పిల్లలుంటే ఓజి స్టేషన్ పక్కన అసుకయామా: 18వ శతాబ్దంలో షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) యోషిమునె నాటించిన చెర్రీ తోట, కొండ కింద ట్రాములు, షింకాన్సెన్ బుల్లెట్ రైళ్ళు కనపడతాయి, పైకి ఎక్కడానికి ఉచితంగా బుల్లి మోనోరైల్ కూడా ఉంది. సొమెయ్ యోషినో కంటే కొన్ని రోజుల ముందే టోక్యో చేరితే కొమగొమె దగ్గర రికుగిఎన్‌కి వెళ్ళండి, కొమ్మలు జలపాతంలా వేలాడే పెద్ద చెట్టు ముందుగా పూసేస్తుంది.

రోజుకి రెండు చోట్లు చాలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కొమ్మలు వంచడం, ఫొటో కోసం చెట్టు ఊపి రేకులు రాల్చడం చేయకండి, వేర్లు తొక్కేలా దుప్పటి పరచకండి. చెత్తకుండీలు దొరకవు, ఒక కవరు వెంట ఉంచుకుని చెత్త మీతోనే తెచ్చేసుకోండి. కూర్చుని తినేట్టయితే స్టేషన్ దగ్గరి కన్వీనియన్స్ స్టోర్‌లోనే బెంటో (డబ్బా భోజనం) కొనేసుకోండి, పార్కు పక్కన షాపుల్లో మధ్యాహ్నానికి అరలు ఖాళీ. పగలు ఎండ చూసి మోసపోవద్దు, పొద్దు గుంకగానే చలి గట్టిగా ఉంటుంది, జాకెట్ తప్పనిసరి.