బస్తీ ఆరోగ్యం మీద పరిశోధనకు పేరు ఇచ్చేటప్పుడు

హైదరాబాద్ వారాసిగూడలో మాది కిరాణా దుకాణం. గల్లీలో ఏ ఇంటికి నెలకు ఎంత నూనె పోతుందో, ఎంత ఉప్పు పోతుందో నా ఖాతా పుస్తకం చూస్తే తెలుస్తుంది. మనుషుల ఆరోగ్యం ఎందుకు బాగుంటుంది, ఎందుకు పాడవుతుంది అని పరిశోధన చేసే బృందం మా వైపు వచ్చినప్పుడు చాలామంది ముందు దుకాణానికే వచ్చి అడిగారు: "అక్కా, పేరు ఇయ్యాల్నా, వద్దా?" ఇవ్వండి అనే చెప్పాను. నేనూ ఇచ్చాను. ఎలా ఇవ్వాలో అప్పుడు వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అది ఏ రకం పరిశోధనో అడగండి. "ఇందులో నాకు మందు గానీ టీకా గానీ ఇస్తారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఇస్తామంటే అది క్లినికల్ ట్రయల్. దానికి సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఆ నంబర్ అడిగి తీసుకుని, ఇంట్లో చదువుకున్న పిల్లలతో ఆన్‌లైన్‌లో చూపించుకోండి. ఏమీ ఇవ్వం, ప్రశ్నలు అడుగుతాం, కొలతలు తీసుకుంటాం, కొంచెం రక్తం తీస్తాం అంటే అది వేరే రకం. ఈ రెండో రకంలో నల్లా ఎన్ని రోజులకు వస్తుంది, ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటారు, ఎన్ని గంటలు నిలబడి పని చేస్తారు, అప్పుందా లేదా, అన్నీ అడుగుతారు. "నా షుగర్‌కూ నా అప్పుకూ ఏం సంబంధం?" అని మా పక్కింటాయన కోపం చేశాడు. సంబంధం ఉంది. చేతిలో పైసలు లేని నెలలో గోలీలు కొనడం ఆగిపోతుంది కదా.

కొన్నిసార్లు మనం వస్తామన్నా తీసుకోరు. ఇళ్ల జాబితా రాసుకుని, చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లను ఎంచుకుంటారు. మీ ఇల్లు రాలేదని బాధపడకండి. వచ్చినవాళ్లు మాత్రం "మా బదులు పక్కింటి వాళ్లను అడగండి" అని తప్పించుకోవద్దు. పొద్దున పదకొండు గంటలకు ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, చిన్నపిల్లల తల్లులు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చడానికి పోయేవాళ్లు, హమాలీ పనికి పోయేవాళ్లు, నాలుగు ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లు దొరకరు. నడుము నొప్పి, దగ్గు, నిద్రలేమి వాళ్లకే ఎక్కువ. వాళ్లు లెక్కలోకి రాకపోతే మన బస్తీకి ఏ కష్టమూ లేనట్టు కాగితం మీద తేలుతుంది. అందుకే మీరు పనికి పోయేవాళ్లయితే ఆదివారం రమ్మనండి, రాత్రి ఎనిమిది తర్వాత రమ్మనండి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక కాగితం. సంతకానికి ముందు సమాచార పత్రం తెలుగులో ఇవ్వాలి. ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో. అక్కడికక్కడే సంతకం పెట్టాలన్న రూలు లేదు, ఇంట్లో మాట్లాడుకుని రేపు చెప్తామనవచ్చు. దాంట్లో ఎవరు చేస్తున్నారు, ఎంత రక్తం తీస్తారు, మిగిలిన రక్తాన్ని దాచి తర్వాత వేరే పరీక్షలకు వాడతారా, రిపోర్టు మనకిస్తారా అన్నవి చూడండి. మధ్యలో మానుకోవచ్చు, మానుకుంటే దవాఖానాలో మన వైద్యం ఆగదు అన్న మాట రాసి ఉండాలి. పరిశోధనలో మనకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉందో లేదో తప్పకుండా చూడండి. ఆ కమిటీకి అధ్యక్షులుగా ఆ సంస్థకు బయటివాళ్లే ఉండాలి, సభ్యుల్లో మనలాంటి మామూలు మనిషి కూడా ఉండాలి. దేశంలో వైద్య పరిశోధనలను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్పేది అదే. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే, ఆ బృందానికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. సంతకమైన కాగితం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో వేల పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మన బిడ్డ గురించి మనల్ని అడగాలి, అంతే. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు ఆ పిల్లల ఒప్పుదల కూడా అడగాలి. బ్యాంకు పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి ఏ పరిశోధనకూ అవసరం లేదు. అడిగితే తలుపు వేసేయండి.

ఇప్పుడు జవాబుల సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. తిండి గురించి రెండు రకాలుగా అడుగుతారు. ఒకటి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏం తిన్నారు, ఏం తాగారు అని. కొలత గిన్నెలు తెచ్చి చూపిస్తారు, ఏ గిన్నెడు అన్నమో చూపించాలి. నిన్న బోనాలు అయితే బోనాలనే చెప్పండి, మటన్ తిన్నారని రాయించుకోండి. మూడుసార్లు తాగిన చాయ్, చాయ్‌లో ముంచుకున్న బిస్కెట్లు, పిల్లల పళ్లెంలో మిగిలింది తిన్నది, ఇవన్నీ లెక్కే. ఆడవాళ్లు చాలామంది ఈ చివరిది చెప్పరు. మధ్యాహ్నం అన్నం సరిపోక మజ్జిగతో సరిపెట్టుకుంటే సిగ్గుపడకుండా అదే చెప్పండి. ఆ సంగతి తెలుసుకోవడానికే వాళ్లు ఇంత దూరం వచ్చారు.

రెండోది, ఇంటికి నెలకు సరుకులు ఎంత అని. ఇక్కడ అందరూ నోటికొచ్చింది చెప్తారు. "ఉప్పు ఎంతనో ఎవరు చూస్తరు అక్కా" అన్నది ఒకామె. నేను ఖాతా తీసి చూపించాను. డబ్ల్యూహెచ్‌వో, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అంటే నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. వాళ్లింట్లో నెల కూడా రావడం లేదు. పైగా తొక్కులో, అప్పడాల్లో, పిల్లల చిప్స్‌లో ఉన్న ఉప్పు ఆ ప్యాకెట్‌లోకి రాదు. కాబట్టి వాళ్లు వచ్చే ముందు మీ దుకాణంవాళ్లను ఖాతా అడగండి, ఫోన్‌పే చరిత్ర చూడండి. రేషన్ బియ్యం వేరు, దుకాణంలో కొన్నవి వేరు. రెండూ కలిపి చెప్పండి. నూనె ప్యాకెట్లు పండగ నెలలో ఎన్ని, మామూలు నెలలో ఎన్ని అని విడిగా చెప్పండి.

గుట్కా, కల్లు, మందు గురించి అడిగితే పక్కన అత్తమ్మ గానీ కొడుకు గానీ కూర్చుని ఉంటే నిజం బయటికి రాదు. "కొంచెం పక్కకు కూర్చుని మాట్లాడుదాం" అని మీరే అనండి, వాళ్లు ఒప్పుకుంటారు. ఇంట్లో కొట్టడం, తిట్టడం గురించిన ప్రశ్నలైతే ఆడమనిషే అడగాలని, గదిలో ఇంకెవరూ ఉండకూడదని పట్టుబట్టండి. జవాబు చెప్పబుద్ధి కాని ప్రశ్నను వదిలేయమనండి. అబద్ధం చెప్పడం కంటే వదిలేయడం మేలు.

పరీక్షల రోజు పెద్ద టెన్షన్ ఏమీ ఉండదు. పరగడుపు అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ గోలీ, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ పొద్దున వేసుకోవాలా వద్దా అని ముందు రోజే అడగండి. ఏమీ తినకుండా వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. బీపీకి అరగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఉండండి. వాడే గోలీల రేకులు, పాత చీటీలు ఒక కవర్‌లో పెట్టుకుని పోండి.

రిపోర్టు చేతికి వచ్చాక దాన్ని గూట్లో పెట్టి మర్చిపోవద్దు. బీపీ గానీ షుగర్ గానీ ఎక్కువ ఉందంటే మళ్లీ చూపించుకోవాలి, బస్తీ దవాఖానాలో పైసలు తీసుకోరు. బృందాన్ని ఇంకొకటి కూడా అడగండి: అంతా అయ్యాక బస్తీకి వచ్చి, కమ్యూనిటీ హాల్‌లో కూర్చోబెట్టి, మా గల్లీల్లో ఏం కనిపించిందో తెలుగులో చెప్తారా అని. పేరు ఇచ్చే రోజే అడిగితే వాళ్లు రాసుకుంటారు.

ఇలాంటి పని ఒక్కసారితో అయిపోదు. 1987 నుంచి 1990 దాకా మన నగరం పక్క పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు, కొన్నిచోట్ల అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్నప్పుడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, ఇతర పరిశోధకులు కలిసి మళ్లీ వెతుక్కుంటూ వెళ్లారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, గుండెజబ్బు, షుగర్ వైపు తీసుకెళ్లే గుర్తులు కొన్ని వాళ్లలో తక్కువ కనిపించాయి. ఆ కుటుంబాలు మళ్లీ దొరకబట్టే ఈ సంగతి తెలిసింది. మీరు అద్దె ఇల్లు మారినా, సిమ్ మార్చినా కాగితం మీదున్న నంబర్‌కు ఫోన్ చేసి కొత్త అడ్రసు చెప్పండి. ఇక వద్దనుకుంటే అదే నంబర్‌కు చేసి పేరు తీసేయమనండి, మీ రక్తం నమూనా ఏం చేస్తారో కూడా అప్పుడే అడగండి.