‘వృథాగా’ అనే మాటను ఎక్కడ వాడాలి?

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు తెల్లవారకముందే పత్తి బస్తాలతో వెళ్ళిన రైతు, ఆ రోజు సెలవని తెలిసి బండి తిప్పుకొని వస్తే, ‘వృథాగా వెళ్ళి వచ్చాడు’ అని రాస్తాం. వెళ్ళడంలో ఒక ఉద్దేశం ఉంది, శ్రమ ఉంది, ఫలితమే దక్కలేదు. ఉద్దేశమే లేకుండా చేసిన పనికి ఈ మాట అతకదు.

ఇక్కడే మన వరంగల్ వాళ్ళకు చిక్కు వస్తుంది. మాటల్లో మనం దీనికి బదులు ‘ఉత్తగ’ అంటాం. ‘ఉత్తగ అచ్చిన’ అంటే పనేమీ లేకుండా వచ్చానని, ‘ఉత్తగ ఇయ్యడు’ అంటే డబ్బు తీసుకోకుండా ఇవ్వడని, ‘ఉత్తగ పోయచ్చిన’ అంటే వెళ్ళినా పని కాలేదని అర్థం. ఏ అర్థమో గొంతును బట్టి ఎదుటివారికి తెలిసిపోతుంది కానీ కాగితానికి గొంతు ఉండదు కనుక, రాసేటప్పుడు మొదటిదానికి ‘ఊరికే’, రెండోదానికి ‘ఉచితంగా’ అని వాడి, మూడోదానికే ‘వృథాగా’ను ఉంచుకోవాలి.

వస్తువుల విషయంలో, ఉపయోగపడవలసినది ఉపయోగపడకుండా పోయిందా అని చూడాలి. ‘చెరువు మత్తడి దూకి నీరు వృథాగా పోతోంది’ అని తరచుగా చదువుతుంటాం (మత్తడి అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగు). మన దగ్గర కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకిన నీరు వాగు వెంట కింది చెరువులోకి చేరుతుంది. అలాంటి చోట ఆ మాట రాయడం నాకు తప్పుగానే తోస్తుంది. గండి పడి పొలాల మీదుగా పోయిన నీటికైతే సరిగ్గా సరిపోతుంది.

సంస్కృతంలో ‘వృథా’ అవ్యయం. తెలుగులో క్రియకు విశేషణంగా వాడేటప్పుడు ‘గా’ చేరుస్తాం. అయితే ‘అగు’, ‘చేయు’ క్రియల ముందు ‘గా’ అక్కరలేదు: ‘శ్రమ వృథా అయింది’, ‘డబ్బు వృథా చేశాడు’. ‘వృథాగా ప్రయత్నించి విఫలమయ్యాడు’ అన్న వాక్యంలో ఒకే సంగతి రెండుసార్లు వచ్చింది, ఒకదాన్ని కొట్టేయాలి. వ్యతిరేక క్రియతో అర్థం తిరగబడుతుంది: ‘తిరిగిన తిరుగుడు వృథాగా పోలేదు’ అంటే పని అయిందనే.

ఇక రాతలో ‘థ’ ఒత్తక్షరాన్ని గమనించాలి. ‘కథ’ను ‘కధ’ అని రాసే చేయి ఇక్కడ కూడా ‘వృధా’ అని జారిపోతుంది.