యెహెజ్కేలు చూసిన మందిరాన్ని గ్రాఫ్ కాగితం మీద గీస్తూ చదవడం ఎలా

బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథంలో, ఆ ప్రవక్త దర్శనంలో చూసిన మందిరం కొలతలు మొదలయ్యే 40వ అధ్యాయం రాగానే చాలామంది పేజీలు గబగబా తిప్పేస్తారు. గుమ్మం ఇన్ని మూరలు, గది ఇన్ని మూరలు, గోడ ఇన్ని మూరలు అంటూ పోతుంటే చదివేవారి గొంతులోనే అలసట వినిపిస్తుంది. నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. కాలువలు, తూములు, లాకుల ప్లాన్లు గీస్తూ బతికినవాణ్ణి కాబట్టి నాకు ఆ అధ్యాయం మరోలా కనిపించింది. అది పైపైన చదివి దాటిపోవడానికి రాసింది కాదు. 43:11లో (43వ అధ్యాయం, 11వ వచనం) దేవుడు యెహెజ్కేలుకు చెప్పిన పని కూడా అదే: మందిరం ఆకారం, లోపలికి వచ్చే దారులు, బయటికి పోయే దారులు జనానికి తెలియజేసి, వాళ్లు చూస్తుండగా రాయమన్నాడు.

మా సంఘంలో శనివారం సాయంత్రపు వాక్యధ్యానంలో 40 నుంచి 48 దాకా ఈ తొమ్మిది అధ్యాయాలను మూడుసార్లు నడిపించాను. ఒక్కోసారి ఎనిమిది వారాలు పట్టింది. మీ సంఘంలోనో, ఇంట్లోనో నడపాలనుకుంటే నేను పాటించే పద్ధతి ఇది. దీనికి ఒక్కటే నియమం: ప్లాను పూర్తయ్యేదాకా "ఇది ఎప్పుడు కడతారు?" అన్న ప్రశ్న ఎవరూ ఎత్తకూడదు. మొదటే ఆ ప్రశ్న ఎత్తితే వాదన తప్ప వాక్యం మిగలదు.

ముందు తేదీ చూపించండి. 40:1 ప్రకారం ఈ దర్శనం యూదులు బబులోనుకు చెరలోకి వెళ్లిన 25వ ఏట, యెరూషలేము పట్టణం కూలిన 14వ ఏట వచ్చింది. మన లెక్కలో క్రీ.పూ. 573. యెహెజ్కేలు యాజకుడు. 1:1లోని ముప్పయ్యవ సంవత్సరం ఆయన వయసే అయితే, ఈ దర్శనం నాటికి ఆయనకు 50 ఏళ్లు. సంఖ్యాకాండం 8:25 ప్రకారం లేవీయులు సేవ మానవలసిన వయసు అది. మందిరపు సేవ చేయవలసిన ఏళ్లన్నీ బబులోను దేశంలో కెబారు నది దగ్గర గడిచిపోయాయి, యెరూషలేములో మందిరం బూడిదైంది. అలాంటి మనిషికి దేవుడు ఒక మందిరాన్ని గది గదిగా తిప్పి చూపించాడు. ఈ సంగతి మనసుకు పట్టిన తర్వాత ఆ మూరల లెక్క విసుగనిపించదు. పదవీ విరమణ చేసిన ఏడాది మొదటిసారి దీన్ని గ్రహించి నేను చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాను.

రెండో పని కొలకర్ర తయారు చేసుకోవడం. 40:5లోని కొలకర్ర ఆరు మూరలు, కానీ ఒక్కో మూరకూ అదనంగా ఒక బెత్తెడు ఉంది. మూర అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు, పూలు నేటికీ మూరల్లోనే కొంటున్నాం. మా ధ్యానానికి వచ్చేవారిలో పూలు అమ్మే ఒక అమ్మ ఉంది. ఆమెనే ముందుకు పిలిచి, మోచేతి నుంచి వేళ్ల కొస దాకా తాడు కొలిచి, దానికి నాలుగు వేళ్ల వెడల్పు కలపమన్నాను. మూర 18 అంగుళాలు, బెత్తెడు 3 అనుకుంటే మొత్తం 21 అంగుళాలు. ఆరు మూరలు పదిన్నర అడుగులు. ఆ తాడుకు ఆరు ముడులు వేయించి, ప్రార్థన హాలు గోడకు ఆనించి నిలువుగా పట్టించాను. బయటి ప్రాకారం ఎత్తు అంతే, మందం కూడా అంతే. పదిన్నర అడుగుల మందం! అది చూశాక 42:20లో పరిశుద్ధమైన స్థలాన్ని, సాధారణ స్థలాన్ని వేరు చేయడానికే ఆ గోడ అని చదివితే మాట బరువు తెలుస్తుంది.

ఇప్పుడు గ్రాఫ్ కాగితాలు. రెండు కాగితాలు పక్కపక్కన అతికించి, ఒక మిల్లీమీటరుకు రెండు మూరలు లెక్క పెట్టుకోండి. పెన్సిలుతోనే గీయండి, మొదటిసారి అందరూ తప్పు చేస్తారు. తూర్పు పైకి వచ్చేలా కాగితం తిప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఈ మందిరం ముఖం తూర్పు. తూర్పు గుమ్మంతో మొదలుపెట్టి నేరుగా పడమటికి నడవండి. బయటి గుమ్మం పొడవు 50 మూరలు (40:15). అక్కడి నుంచి లోపలి గుమ్మం దాకా బయటి ఆవరణం 100 (40:19). లోపలి గుమ్మం 50. లోపలి ఆవరణం 100 (40:47). మందిరం 100 (41:13). దాని వెనుక ఖాళీ స్థలం, పడమటి కట్టడం, దాని గోడలు కలిపి మరో 100. కూడితే 500. ఉత్తరం నుంచి దక్షిణానికి అలాగే నడిస్తే 50, 100, 50, 100, 50, 100, 50. మళ్లీ 500. గుమ్మాలు తూర్పున, ఉత్తరాన, దక్షిణాన మాత్రమే ఉన్నాయి, పడమట లేదు. బయటి గుమ్మాలకు ఏడు మెట్లు, లోపలి గుమ్మాలకు ఎనిమిది. లోపలికి పోయేకొద్దీ పైకి ఎక్కుతున్నారన్న మాట.

ఈ కూడికకు ఇంకో ప్రయోజనం ఉంది. 42:16-20లో బయటి కొలత దగ్గర హీబ్రూ పాఠంలో 500 కొలకర్రలు అని ఉంటే, గ్రీకు అనువాదంలో 500 మూరలు అని ఉంది. మూరలైతే ఒక్కో పక్క 875 అడుగులు, మొత్తం సుమారు పదిహేడున్నర ఎకరాలు. నేడు యెరూషలేములో మందిరం ఉండిన గుట్ట మీది చదును 35 ఎకరాలకు పైనే కాబట్టి అందులో ఇమిడిపోతుంది. కొలకర్రలైతే ఒక్కో పక్క 5,250 అడుగులు, అంటే దాదాపు మైలు. నేటి పాత పట్టణం ప్రాకారాల లోపలి నేల మొత్తం కలిపినా ఒక చదరపు కిలోమీటరు లేదు, ఇది దానికి రెట్టింపు పైనే అవుతుంది. లోపలి కొలతలన్నీ కలిసి 500 మూరలకు సరిపోతున్నాయి కాబట్టి, ప్లాను గీసినవాడిగా నేను మూరల వైపే ఉంటాను. కొలకర్రలనే పట్టుకునేవారు, ఈ మందిరం లేచే రోజుకు నేల రూపమే మారుతుందని జెకర్యా గ్రంథం 14వ అధ్యాయం చూపిస్తారు. రెండూ బోర్డు మీద రాసి ముందుకు సాగండి.

ప్లాను పూర్తయ్యాక స్కేలు తీసుకుని మూల నుంచి మూలకు రెండు గీతలు గీయమనండి. నేను మొదటిసారి గీసినప్పుడు అవి మందిరంలో అన్నిటికంటే లోపలి గది అయిన అతిపరిశుద్ధ స్థలంలో కలుస్తాయనుకున్నాను. కలవలేదు. లోపలి ఆవరణం నడిమధ్యలో, మందిరానికి ఎదురుగా బలిపీఠం ఉన్న చోట కలిశాయి. అప్పటిదాకా బలుల మాట వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకుంటూ వచ్చాను. ఈ ప్లానులో అలా తప్పుకునే వీలు లేదు.

కాబట్టి ఒక వారం మొత్తం బలులకే కేటాయించండి, ముందు వాటిని కళ్లతో చూపించండి. 40:38-43లో లోపలి గుమ్మం దగ్గర బలిపశువు మాంసాన్ని కడిగే గది, వధించే బల్లలు, చెక్కిన రాతి బల్లలు, చుట్టూ బెత్తెడు పొడవు కొక్కేలు ఉన్నాయి. రాతి బల్ల ఒకటిన్నర మూర చదరం, ఒక మూర ఎత్తు. అంటే రెండున్నర అడుగులకు కాస్త ఎక్కువ చదరం, 21 అంగుళాల ఎత్తు. ఆ కొలతకు ఒక అట్టపెట్టె చేసి మధ్యలో పెడితే చుట్టూ ఉన్నవారు మాట్లాడటం ఆపేస్తారు. తర్వాత 46:21-24కు వెళ్లండి. బయటి ఆవరణం నాలుగు మూలలా 40కి 30 మూరల వంటశాలలు, లోపల చుట్టూ పొయ్యిలు. జనం తెచ్చిన బలిమాంసాన్ని అక్కడ వండుతారు. 46:9లో ఉత్తరపు గుమ్మం గుండా వచ్చినవారు దక్షిణపు గుమ్మం గుండా పోవాలి, వచ్చిన దారినే తిరిగి పోకూడదు. పండగ రోజుల్లో రద్దీ ఎరిగినవారికి ఆ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది.

మోషే ధర్మశాస్త్రంతో తేడాలు కూడా దాచకండి. సంఖ్యాకాండం 28లో నిత్యబలి ఉదయం ఒక గొర్రెపిల్ల, సాయంత్రం ఒకటి. ఇక్కడ 46:13-15లో ఉదయానిది మాత్రమే కనిపిస్తుంది. ఆజ్ఞల పలకలుంచిన మందసం మాట లేదు, ప్రధాన యాజకుడి మాట లేదు, ప్రాయశ్చిత్తార్థ దినం లేదు. నిర్గమకాండం 20:26 బలిపీఠానికి మెట్లు వద్దంటే, ఇక్కడ 43:17లో తూర్పు వైపు మెట్లున్నాయి. యూదుల పెద్దలు కూడా దీని దగ్గర చాలా శ్రమపడ్డారు. హిజ్కియా కుమారుడైన హనన్యా అనే పండితుడు 300 కుండల దీపపు నూనె తెప్పించుకుని, మేడగదిలో కూర్చుని, యెహెజ్కేలు మాటలను ధర్మశాస్త్రంతో సరిపోల్చి చూపాడని, ఆయనే లేకపోతే ఈ గ్రంథాన్ని పక్కన పెట్టేసేవారని యూదు పండితుల బోధల గ్రంథమైన తల్మూదు చెబుతుంది. ఒక రాత్రిలో తేలే చిక్కు కాదని మనవాళ్లకు తెలియాలి.

ఇక అసలు చిక్కు. 45:15, 17 వచనాల్లో ఈ బలులు ఇశ్రాయేలీయుల కోసం ప్రాయశ్చిత్తం చేయడానికని ఉంది. కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 10:4 ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాన్ని తీసివేయలేదంటుంది. 10:18 ఇక పాపపరిహారార్థబలి లేదంటుంది. ఈ వచనాలను రెండు అట్టల మీద రాసి ఎదురెదురుగా పెట్టండి. దేనినీ మెత్తబరచకండి.

క్రీస్తు తిరిగి వచ్చి ఏలే వెయ్యేళ్ల పాలనలో నిజంగా ఈ మందిరం కడతారని నమ్మేవారిలో కొందరు, మన ప్రభురాత్రి భోజనంలాగే ఆ బలులు సిలువను గుర్తు చేసుకోవడానికే అంటారు. మాట హాయిగా ఉంది, కానీ యెహెజ్కేలు ఎక్కడా జ్ఞాపకార్థమని అనలేదు, ప్రాయశ్చిత్తమనే అన్నాడు. ఇంకొందరు ఇదంతా చెరలోని జనానికి వాళ్లు ఎరిగిన భాషలో చెప్పిన వాగ్దానమని, దాని నెరవేర్పు క్రీస్తులోనే అని యోహాను 2:21, ప్రకటన 21:22 చూపిస్తారు. వారిని అడగవలసింది వేరు: గుర్తే అయితే కొక్కేల పొడవు దాకా కొలతలెందుకు? చెర నుంచి తిరిగి వచ్చినవారు కట్టవలసిన ప్లాను ఇదని, వారు దీన్ని అందుకోలేదని అనేవారూ ఉన్నారు. క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తయిన రెండో మందిరం ఈ కొలతల ప్రకారం లేవలేదన్నది నిజమే.

నాకు దారి చూపింది 43:26. ఏడు రోజులు బలిపీఠానికి ప్రాయశ్చిత్తం చేయాలట. 45:20లో మందిరానికి కూడా. రాతికి పాపమేముంటుంది? దేవుడు వచ్చి నివసించే చోటును శుద్ధి చేయడం కూడా ఆ మాటలో ఉంది. హెబ్రీ 9:13-14 కూడా ఇదే తేడా చూపిస్తుంది: పశువుల రక్తం శరీరశుద్ధికి, క్రీస్తు రక్తం మనస్సాక్షికి. కాబట్టి నేను ఇలా బోధిస్తాను: రేపు రాళ్లతో ఈ మందిరం లేచినా లేవకపోయినా, అక్కడి ఏ కోడె రక్తమూ సిలువ చేసిన పని చేయదు, చేయడానికి రాదు. అయినా 45:17లోని మాట జనం కోసమే కాబట్టి, నా వివరణ ఆ వచనాన్ని పూర్తిగా మోయదని కూడా చెబుతాను. విన్నవారిలో ఒకరిద్దరు ఒప్పుకోరు. ఒప్పుకోనివారిని వచ్చే వారం చదవడానికి ముందు నిలబెట్టండి, వాళ్లు అందరికంటే శ్రద్ధగా చదువుతారు.

ఈ మధ్యలో ఫోన్లలో వచ్చే వార్తలు తప్పకుండా చొరబడతాయి. 2022 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సాస్ నుంచి అయిదు ఎర్ర పెయ్యలను ఇశ్రాయేలుకు తీసుకువెళ్లారు. ఆ ఫొటోలు మా వాళ్లందరి ఫోన్లకూ వచ్చాయి, "యెహెజ్కేలు ప్రవచనం నెరవేరింది" అన్న మాటతో. ఎర్ర పెయ్య బూడిదతో శుద్ధి చేసే విధి సంఖ్యాకాండం 19లోది, ఈ తొమ్మిది అధ్యాయాల్లో ఎక్కడా లేదు. అలాగే దానియేలు 9:27, 2 థెస్సలొనీక 2:4లలోని మందిరాన్ని వేరే కాగితం మీద రాసుకోండి. అక్కడ దేవునికి ఎదురు తిరిగే నాశనపాత్రుడు వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ 43:1-5లో తూర్పు నుంచి యెహోవా మహిమ వచ్చి మందిరాన్ని నింపుతుంది. 10, 11 అధ్యాయాల్లో మెల్లమెల్లగా వదిలి వెళ్లిన మహిమ, వెళ్లిన వైపు నుంచే తిరిగి వస్తోంది. ఆ మూడు అధ్యాయాలూ ఒకే సాయంత్రం బిగ్గరగా చదివించండి. వివరణ అవసరం ఉండదు.

43:10 మాత్రం వదలకండి. ఈ ప్లాను చూపించడం దేనికో అక్కడ ఉంది: జనం తమ దోషాలకు సిగ్గుపడాలని. ఆ వారం చర్చ పెట్టకుండా మౌన ప్రార్థనకు పావుగంట ఇవ్వండి.

47వ అధ్యాయానికి హాలు చాలదు, బయటికి వెళ్లండి. ప్లాను మీద బలిపీఠానికి దక్షిణంగా తూర్పుకు ఒక గీత గీస్తే మందిరం గడప కింది నుంచి నీళ్లు బయలుదేరిన దారి వస్తుంది. యెహెజ్కేలును తిప్పుతూ కొలిచి చూపిన దూతలాగా 1000 మూరలు కొలవాలంటే మన ముడుల తాడు 166 సార్లు వేసి, పైన నాలుగు మూరలు కలపాలి, 1,750 అడుగులు. మా వాళ్లు ఊరి కాలువ గట్టు మీద కొలిచారు, పిల్లలు లెక్క పెట్టారు, పూలమ్మే అమ్మ తాడు కొస వదల్లేదు. మొదటి వెయ్యి దగ్గర చీలమండ లోతు, రెండో వెయ్యి దగ్గర మోకాళ్ల లోతు, మూడో వెయ్యి దగ్గర నడుము లోతు, నాలుగో వెయ్యి దగ్గర దాటలేని నది. మేము ఒక్క వెయ్యే కొలిచేసరికి చీకటి పడుతోంది. అక్కడే గట్టు మీద కూర్చుని, ఉప్పు సముద్రంలో చేపలు, ఏన్గెదీ దగ్గర వలలు ఆరబెట్టే జాలరులు, నెలనెలా కాయలు కాసే చెట్లు ఉన్న 47:8-12 చదువుకున్నాం. 11వ వచనంలో బురద నేలలు, మడుగులు బాగుపడక ఉప్పుకే మిగిలిపోతాయి, దాన్ని కూడా చదవండి. 48కి వచ్చే వారం పన్నెండు గోత్రాలకు పంచే నేలను అడ్డపట్టీలుగా గీయాలి కాబట్టి కొత్త గ్రాఫ్ కాగితం తెచ్చుకోమని అక్కడే చెప్పి పంపండి.