ఆగ్మెంటెడ్ మాత్రికలో గీత సరిగా పడకపోతే: సమస్య - పరిష్కారం

రాయగడ సంత లెక్క ఒకటి తీసుకుందాం. చోళ్లు (రాగులు), చింతపండు, పసుపు. ముగ్గురు కొన్న కిలోలూ ఇచ్చిన రూపాయలూ తెలుసు, కిలో ధరలు కట్టాలి:

2 1 1 | 350
1 2 1 | 430
3 0 2 | 420

కిలోలనూ రూపాయలనూ ఇలా గీతతో విడదీసి ఒకే చోట రాసినదే ఆగ్మెంటెడ్ మాత్రిక. నిలువు గీత తీసేస్తే 350 కూడా కిలోల్లో కలిసిపోతుంది. పర్లాకిమిడిలో డిగ్రీ చదివే పిల్లవాడైనా నాలుగో సరుకు ఏదని వెతుక్కుంటాడు. (సేజ్‌మ్యాథ్, మ్యాథమెటికా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు, లేటెక్ లెక్కల రాతను అచ్చుకు సిద్ధం చేసేది. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాశాం, టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

సేజ్‌మ్యాథ్: గీత అసలు రాలేదు
ఆగ్మెంట్ కమాండ్ రెండు భాగాలనూ అతికిస్తుందే గానీ తనంతట తాను గీత గీయదు. బ్రాకెట్లో సబ్‌డివైడ్=ట్రూ చేర్చండి. మాత్రికలను ముక్కలుగా పేర్చే బ్లాక్ మ్యాట్రిక్స్ కమాండ్ దీనికి ఎదురు: అడగకుండానే గీస్తుంది, వద్దనుకుంటే సబ్‌డివైడ్=ఫాల్స్ ఇవ్వాలి.

గీత మాత్రిక అడుగున అడ్డంగా పడింది
ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఉన్న మాత్రికలో గీత పెట్టే సబ్‌డివైడ్ కమాండ్‌కు 3 ఒక్కటే ఇచ్చి ఉంటారు. అందులో మొదటి చోటు అడ్డు వరుసలది, రెండోది నిలువు వరుసలది. ఉన్నవి మూడే అడ్డు వరుసలు కాబట్టి మూడోదాని కింద గీత పడింది, ఎర్రర్ కూడా రాదు. మొదట ఖాళీ చదరపు బ్రాకెట్లు, కామా, తర్వాత బ్రాకెట్లో 3 ఇవ్వండి. పాత గీత దానంతటదే పోతుంది.

మాత్రికే మాయమైంది, నన్ (ఏమీ లేదు) అని వస్తోంది
సబ్‌డివైడ్ ఉన్న మాత్రికలోనే గీత పెడుతుంది, కొత్తది తిరిగి ఇవ్వదు. "ఎ = ఎ.సబ్‌డివైడ్" అని రాస్తే ఎ పోయినట్టే. సమానం గుర్తు లేకుండా ఒక వరుసలో సబ్‌డివైడ్, కింది వరుసలో ఉత్త ఎ. గీత వల్ల లెక్క మారదు: ఆర్‌రెఫ్ (వరుసలను సూక్ష్మీకరించి జవాబు తేల్చే కమాండ్) చేస్తే చివరి నిలువు వరుసలో 40, 120, 150 రావాలి.

మ్యాథమెటికా: గీత ఒక గడి ముందే పడింది
గ్రిడ్‌లో డివైడర్స్ లెక్క ఎడమ అంచు నుంచే మొదలవుతుంది, ఆ అంచే 1. మూడో నిలువు వరుస తర్వాతి గీత 4 అవుతుంది. గ్రిడ్, మ్యాట్రిక్స్‌ఫామ్ చూపించడానికే. వాటిని చరరాశిలో దాస్తే తర్వాత రో రెడ్యూస్ పనిచేయదు. ముందు మాత్రికను దాచి, చూపించేటప్పుడే గ్రిడ్ వేయండి.

లేటెక్: మొదటి గడిలో "సిసిసి|సి" అచ్చయింది
పీమ్యాట్రిక్స్‌కు నిలువు వరుసల వివరం ఇచ్చే చోటే లేదు, అందుకే దాన్ని మామూలు అక్షరాలుగా అచ్చేసింది. ఆ వివరం తీసుకునే అర్రే వాడి, రెండు పక్కలా లెఫ్ట్, రైట్‌తో బ్రాకెట్లు పెట్టండి. సేజ్ ఇచ్చే లేటెక్ కోడ్‌లోనూ అర్రేయే ఉంటుంది, దాన్ని అలాగే అతికించవచ్చు.

అడ్డు గీతలు కూడా వేసినప్పుడు నిలువు గీత మధ్యలో తెగితే బుక్‌ట్యాబ్స్ ప్యాకేజీ గీతలు తీసి హెచ్‌లైన్ (మామూలు అడ్డు గీత) పెట్టండి. భిన్నాలు హెచ్‌లైన్‌కు తగులుతుంటే అర్రేస్ట్రెచ్ (వరుసల ఎడం) 1.3 చేసి చూడండి, చాలకపోతే 1.5.