ఓటీఏ కోర్సులో చేరేముందు

డల్లాస్‌లో మనవాళ్లు ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ (ఓటీఏ) కోర్సు గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. జబ్బుచేసినవాళ్లు, దెబ్బతగిలినవాళ్లు తమ రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే ఉద్యోగం ఇది. ముందు ఆ ప్రోగ్రామ్‌కు ఎకోట్ (ఈ కోర్సులను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. లేకపోతే ఎన్‌బీకాట్ అనే జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాయనివ్వరు, ఫీజంతా దండగ. మామూలుగా ఇది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. అనాటమీ, ఫిజియాలజీ ముందే పూర్తిచేసుకోండి. నేను కండరాల పేర్లు ఫ్రిజ్ తలుపు మీద అంటించి, పప్పు ఉడికేలోగా బట్టీపట్టాను.

అసలు కష్టం యాక్టివిటీ అనాలిసిస్. చొక్కా బొత్తాం పెట్టుకోవడాన్ని ముక్కలుగా విడగొట్టాలి: కూర్చుంటే నడుము నిలుస్తోందా, వేళ్లకు బొత్తాం చిక్కుతోందా, కాజా కనిపిస్తోందా, తర్వాత ఏం చెయ్యాలో గుర్తుందా. మా అత్తయ్య చీర కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. "చీర కట్టడం నేర్చుకోడానికి అమెరికా రావాలా!" అనేది. మీరూ ఇంట్లో ఒంటిచేత్తో చొక్కా వేసుకుని చూడండి. పక్షవాతం వచ్చిన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర్న తియ్యాలి.

ఆఖర్న లెవెల్ టూ ఫీల్డ్‌వర్క్, అంటే రోగులతో చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్, ఫుల్‌టైమ్‌గా కనీసం 16 వారాలు. నాకు జీతం రాలేదు, డబ్బూ దాచుకోలేదు. టెన్షన్ అంతా ఇంతా కాదు. మీరు ముందే దాచుకోండి.

పరీక్ష పాసైతే వచ్చే హోదా పేరు కోటా (COTA), అంటే సర్టిఫైడ్ ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్. "ఏ కోటాలో వచ్చిందే?" అన్నారు నాన్న. ఆ తర్వాత రాష్ట్ర లైసెన్స్ తీసుకుని పనిలో చేరొచ్చు.