పాత విద్యుత్ నిరోధ ప్రమాణాలను నేటి ఓంలలోకి మార్చడం ఎలా?

పంతొమ్మిదో శతాబ్దపు రెసిస్టెన్స్ బాక్సు (తెలిసిన నిరోధాల తీగ చుట్టలు అమర్చిన పెట్టె) మీదో, ఆనాటి టెలిగ్రాఫ్ తీగల కొలతల పట్టికలోనో ‘1000 ఓంలు’ అని కనిపిస్తే, అది నేటి 1000 ఓంలతో సమానమని అనుకోవడం పొరపాటు. 1860ల నుంచి 1948 వరకు ఓం అన్న ఒక్క పేరే నాలుగు వేర్వేరు పరిమాణాలకు చెల్లింది. మార్చడానికి కావలసిన లెక్క మామూలు గుణకారమే. ఎదురుగా ఉన్నది ఏ ఓమో తేల్చుకోవడంలోనే అసలు శ్రమ ఉంది.

కాబట్టి మొదట ప్రమాణాన్ని గుర్తించాలి. పరికరం మీద ‘బి.ఎ.’ అని ఉంటే అది బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘం 1860లలో స్థిరపరచిన ఓం. ‘లీగల్’ అని ఉంటే 1884లో పారిస్ సమావేశం నిర్ణయించినది, ‘ఇంటర్నేషనల్’ అని ఉంటే 1893లో షికాగో విద్యుత్ మహాసభ ఆమోదించినది. జర్మన్ పరికరాల మీద కనిపించే ‘ఎస్.ఇ.’ అన్న పొడి అక్షరాలు సీమెన్స్ ప్రమాణానికి గుర్తు. ఏ గుర్తూ లేనప్పుడు తయారైన సంవత్సరాన్ని బట్టి ఊహించవచ్చు గాని, కొత్త నిర్వచనం వచ్చినంత మాత్రాన పాత పరికరాలను ఎవరూ వెంటనే పక్కన పెట్టరు కనుక, ఆ తేదీని ఆధారంగా తీసుకోవాలే తప్ప రుజువుగా కాదు.

ఇక్కడే ఒక పేరు తికమక పెడుతుంది. 1971లో అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో చేరిన ‘సీమెన్స్’ వాహకత్వానికి ప్రమాణం, అంటే ఓంకు విలోమం. దానినే అంతకుముందు, ఓం స్పెల్లింగును తిరగేసి, ‘మో’ అనేవారు. పాత సీమెన్స్ ప్రమాణం మాత్రం నిరోధాన్నే కొలుస్తుంది. రెండింటినీ కలగలిపితే గుణించవలసిన చోట భాగిస్తాం.

రెండో అడుగుగా పాత విలువను ఇంటర్నేషనల్ ఓంలలోకి తేవాలి. ఇందుకు గుణకాలను బట్టీ పట్టనక్కరలేదు, పాదరసపు స్తంభాన్ని ఊహించుకుంటే చాలు. 1860లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ ప్రతిపాదించిన ప్రమాణం, 0 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యమూ 100 సెంటీమీటర్ల పొడవూ గల పాదరసపు స్తంభం చూపే నిరోధం. లీగల్ ఓంలో ఆ పొడవు 106 సెంటీమీటర్లు, ఇంటర్నేషనల్ ఓంలో 106.3 సెంటీమీటర్లు. షికాగో నిర్వచనం వైశాల్యాన్ని చెప్పకుండా పాదరసం ద్రవ్యరాశి 14.4521 గ్రాములు ఉండాలని చెప్పింది. సన్నని గాజు గొట్టం లోపలి వైశాల్యాన్ని కొలవడం కన్నా అందులో పట్టే పాదరసాన్ని తూచడం తేలిక. పాదరసం సాంద్రతను ఘన సెంటీమీటరుకు 13.595 గ్రాములుగా తీసుకుని లెక్క కడితే మళ్లీ ఒక చదరపు మిల్లీమీటరే వస్తుంది. వైశాల్యం ఒకటే అయినందున నిరోధాల నిష్పత్తి పొడవుల నిష్పత్తే అవుతుంది:

1 సీమెన్స్ ప్రమాణం = 100 ÷ 106.3 = 0.94073 ఇంటర్నేషనల్ ఓంలు
1 లీగల్ ఓం = 106 ÷ 106.3 = 0.99718 ఇంటర్నేషనల్ ఓంలు

బి.ఎ. ఓం ఈ వరుసలో ఇమడదు. దానిని పాదరసంతో కాక లోహపు తీగ చుట్టలతో నిలబెట్టారు కనుక దాని విలువను విడిగా గుర్తుంచుకోవాలి: సుమారు 0.9866 ఇంటర్నేషనల్ ఓంలు.

మూడో అడుగు నేటి ఓంలోకి రావడం. 1948 జనవరి 1 నుంచి ఇంటర్నేషనల్ ఓం స్థానంలో పరమ ఓం (అబ్సల్యూట్ ఓం), అంటే నేటి ఓం, అమలులోకి వచ్చింది. ఇంటర్నేషనల్ విలువను 1.00049తో గుణిస్తే అది వస్తుంది. 1990లోనూ 2019లోనూ ఓం ప్రమాణంలో జరిగిన మార్పులు ఈ లెక్కను తాకనంత చిన్నవి కనుక వాటిని వదిలేయవచ్చు.

ఉదాహరణకు ఒక చుట్ట మీద ‘1000 లీగల్ ఓంలు’ అని ఉందనుకుందాం. 1000 × 0.99718 = 997.18 ఇంటర్నేషనల్ ఓంలు, దానిని 1.00049తో గుణిస్తే 997.67 ఓంలు. అదే 500 సీమెన్స్ ప్రమాణాలైతే మొదట 470.37, తర్వాత 470.60 ఓంలు వస్తాయి.

పాత భౌతికశాస్త్ర గ్రంథాల్లో ఎదురయ్యే సీజీఎస్ (సెంటీమీటర్-గ్రామ్-సెకండ్) ప్రమాణాలకు ఇంత తతంగం లేదు. ఒక అబ్‌ఓం 10⁻⁹ ఓం, ఒక స్టాట్‌ఓం దాదాపు 8.988 × 10¹¹ ఓంలు.

జవాబులో ఎన్ని అంకెలు ఉంచాలన్నది చివరి ప్రశ్న. బి.ఎ. గుణకంలో నాలుగు అంకెలే ఉన్నాయి కనుక 250 బి.ఎ. ఓంలను 246.8 ఓంలుగా రాయాలి, అంతకు మించి దశాంశాలు చేర్చడం కేవలం అలంకారం. పైగా రాగి తీగ నిరోధం ఒక్క డిగ్రీ వేడికి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. మనం మూడో అడుగులో చేసిన సవరణకు ఇది సుమారు ఎనిమిది రెట్లు. కొలత రాగి తీగదైతే, అది ఏ ఉష్ణోగ్రత వద్ద తీసినదో తెలియనిదే మూడో అడుగుకు పెద్దగా అర్థం లేదు.

వెనక్కి మార్చాలంటే అవే గుణకాలతో భాగించాలి. ఒక ఓంను మొదట 1.00049తో, తర్వాత 0.94073తో భాగిస్తే 1.0625 సీమెన్స్ ప్రమాణాలు వస్తాయి. అంటే నేటి ఓం, ఆ సన్నని గొట్టంలో 106.25 సెంటీమీటర్ల పాదరసం.